ఏడుమూపుల కొండ మీద ఒంటిపరుగు

తూర్పున ఎవరో ఎర్రపట్టు తాను విప్పి పరిచినట్టు తెల్లవారింది. ఆ వెలుగులో ఏడుమూపుల కొండ, ఏడు ఏనుగులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నీళ్లకు బయలుదేరినట్టు, పడమటికి సాగిపోతూ కనిపించింది. మొదటి ఏనుగు వీపున వెదురుపొదలు, మూడోదాని మీద మంచుతెర, అయిదోదాని నుదుట ముత్యాలసరంలాంటి జలపాతం. చివరి ఏనుగు తొండం దించిన చోట, కంటికి ఆనకుండా, శిఖరావతీ నగరం. అడవిమల్లెల మీదుగా చల్లగాలి వీస్తోంది. పిట్టలు పాడుతున్నాయి. ఇంత మంచి సరుకు ఇంత చవగ్గా పరిచిపెట్టారంటే అడుగున పుచ్చు ఉండి తీరుతుందని అనుకున్నాను.

నా పేరు కొమ్మిశెట్టి. ఇంగువ, మిరియాలు, శొంఠి అమ్ముకునేవాణ్ణి. పరుగు నా వృత్తి కాదు. నా శరీరం కొట్లో కూర్చోవడానికి అనువుగా ఏళ్ల తరబడి శ్రద్ధగా పెంచుకున్నది. అలాంటి నేను ఆ ఉదయం కొండ అడుగున పాదాల మండపం దగ్గర పంచె ఎగగట్టి నిలబడ్డానంటే, కారణం ఒక బూడిద గుమ్మడికాయ.

ఆ గుమ్మడికాయ నా భార్య వకుళ.

అంతకు ముందురోజు మా కొట్టుకు మాంత్రికుడు అజీర్ణభైరవుడు ఇంగువ కోసం వచ్చాడు. అతని మంత్రాలకు మేఘాలు దిగివస్తాయి గాని కడుపు మాత్రం మాట వినదు. గల్లా దగ్గర కూర్చున్న వకుళ ఇంగువ పొట్లం కడుతూ, "స్వామీ, పొద్దున మేకకాలు, మధ్యాహ్నం పనసతొనలు, పడుకోబోయే ముందు అరిసెలు తింటే ఇంగువ మాత్రం ఏం చేస్తుంది? ముందు నోరు కట్టుకోండి" అంది. అది నిజం కాబట్టి అతను ఊరుకునేవాడే. కొట్లో ఉన్న మిగతావాళ్లు నవ్వారు. దాంతో మంత్రదండం లేచింది. నేను గోదాములోంచి మిరియాల బస్తా మోసుకొచ్చేసరికి మాంత్రికుడూ లేడు, వకుళా లేదు. ఆమె కూర్చున్న పీట మీద నిగనిగలాడే బూడిద గుమ్మడికాయ ఉందని కొట్లోవాళ్లు చెప్పారు. ఆ క్షణానే శిఖరావతి రాజుగారి బండివాళ్లు ఉత్సవానికి కాయలు ఏరుకుంటూ వచ్చి, అదెంత చక్కగా ఉందో అని ఎత్తి బండిలో వేసుకుపోయారట.

ఎందుకు తీసుకుపోయారో మా సీమలో అందరికీ తెలుసు. వసంతోత్సవం ముగిసే సాయంత్రం, కోట గుమ్మానికి వేలాడదీసిన గుమ్మడికాయను దించి, రాజుకు దిష్టి తీసి, సూర్యుడు అస్తమిస్తుండగా నేలకేసి కొడతారు. ఆ సాయంత్రం నేను పరుగుకు నిలబడ్డ మర్నాడే.

లాభనష్టాలు బేరీజు వేసుకున్నాను. రాజుగారి బండికి జోడుగుర్రాలూ, దారి పొడవునా మార్చుకోవడానికి వేరే గుర్రాలూ ఉన్నాయి. నా ఎడ్లబండి మీద కొండ చుట్టూ పోతే నేను చేరేసరికి గింజలు కూడా మిగలవు. కొండ మీదుగా పోతే సమయానికి అందుకోవచ్చు. అందుకుని మాత్రం ఏమని చెప్పను? 'ఆ గుమ్మడికాయ నా భార్య, దించండి' అంటే నన్ను పిచ్చాసుపత్రికి పంపి ఆమెను పగలగొడతారు. ఒక్కటే దారి. ఒంటిపరుగు.

శిఖరావతిలో పూర్వం నుంచీ ఉన్న ఆచారం అది. పాదాల మండపం నుంచి ఏడు మూపులూ ఒంటరిగా పరుగెత్తి, కోట గుమ్మం ముందున్న కంచుగంట మోగించినవాడి కోరికను రాజు ఎందుకని అడక్కుండా తీర్చాలి. నియమం ఒకటే. దారిలో ఎవరి సాయమూ తీసుకోకూడదు. ఆ నియమం దగ్గరే ఎందరో వీరులు బోల్తాపడ్డారు. పొరుగు రాజ్యపు యువరాజు ఒకడు ఆరో మూపు దాకా వెళ్లి రాయి తట్టుకున్నాడట. పక్కనున్న ముసలాయన "చూసుకుని నాయనా" అన్నాడట. అది సాయం. పరుగు రద్దు. ఇంకొక సేనాపతి తుమ్మాడట. మేకలు కాసేవాళ్లు "చిరంజీవ" అన్నారట. అదీ సాయమే.

వీటన్నిటికీ తీర్పరి సాక్ష్యాధికారి పుండరీకుడు. నేను పంచె ఎగగట్టేసరికి ఆయన పల్లకీలో సిద్ధంగా ఉన్నాడు. మోయడానికి బోయీలు, ఎండకు గొడుగువాడు, ఆకలికి వంటవాడు, ఊరటకు సన్నాయివాడు.

"ఇంతమందీ ఎందుకండీ?" అన్నాను.

"నువ్వు ఒంటరిగా పరుగెత్తావని ఎవరో ఒకరు చూడాలి కదా శెట్టీ" అన్నాడాయన. "నేను ఒంటరిగా వస్తే నేను చూశానని ఎవరు చూస్తారు?"

బోయీల పెద్ద పైడయ్య నా బొజ్జ వైపు చూసి ఏదో అనబోయాడు. పుండరీకుడు వేలు ఎత్తాడు. "వద్దు. జాలి కూడా సాయమే."

పైడయ్య గబుక్కున మొహం తిప్పుకున్నాడు. నేను పరుగు మొదలుపెట్టాను.

మొదటి మూపు సగం ఎక్కకముందే కుడికాలి చెప్పు తెగింది. దాన్ని చూసుకుంటుండగా కోతి ఒకటి నా అటుకుల మూట లాక్కుపోయింది. దానికి అడ్డుపడబోయి వెదురుముల్లు మీద కూర్చున్నాను. వెనక పల్లకీ "ఓహోం ఓహోం" అంటూ వస్తుంటే నా కాళ్లు ఆ దరువుకు కలుస్తున్నాయని పుండరీకుడు కనిపెట్టి, బోయీల చేత గుసగుసగా పాడించాడు. మొదటి మూపు శిఖరం చేరేసరికి నా దగ్గర మిగిలినవి ఒక చెప్పు, నెత్తిన తలపాగా, మొలలో ఇంగువ సంచి. ఆ ఒక చెప్పునూ పారేశాను. జతలేని సరుకు మోయడం దండగ.

రెండో మూపు కనుమలో దారికి అడ్డంగా బ్రహ్మరాక్షసుడు గండశిలుడు కూర్చుని ఉన్నాడు. కొండచరియంత వీపు, ఆవిరి కక్కే ముక్కుపుటాలు, భుజాల మీద గూళ్లు కట్టిన డేగలు. ముందు పొయ్యి మీద చెరువంత గుండిగలో పప్పు ఉడుకుతోంది.

"ఆగు మానవా!" అని గర్జించాడు. "నా ప్రశ్నకు జవాబు చెప్పు. చెప్పలేకపోతే తల పగిలి చస్తావు."

"చెబితే?"

"చెబితే నా తల పగులుతుంది."

"అంటే ఎటు పోయినా ఒక తల నష్టం" అన్నాను. "ఇందులో ఎవరికి లాభం స్వామీ?"

గండశిలుడు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. యుగాల తరబడి ఆ కనుమలో కూర్చున్నాడు గాని ఈ ప్రశ్న అతన్నెవరూ అడిగినట్టు లేదు. డేగలు కూడా ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

ఈలోగా పప్పు వాసన నా ముక్కుకు తగిలింది. వ్యాపారికి ముక్కే సగం పెట్టుబడి. "పప్పులో ఏమేశావు?" అన్నాను.

"ఉప్పు. పసుపు. పచ్చిమిరప. పోపు కూడా పెట్టాను." అతని గొంతు తగ్గింది. "కానీ ఏదో తక్కువవుతోంది. ఎన్ని తరాలుగానో తక్కువవుతోంది. ఏమిటో అంతుచిక్కదు. ఆ చిరాకులోనే మనుషుల తలలు పగలగొడుతుంటాను."

మొలలోంచి సంచి తీసి మూతి కొంచెం వదులు చేశాను. గాలి అటు వీచింది. గండశిలుడి ముక్కుపుటాలు అదిరాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అదే!" అన్నాడు. "అమ్మ ఉన్నప్పుడు అదే వేసేది! ఏమంటారు దాన్ని?"

"ఇంగువ. నీ చెప్పులిస్తే సంచెడూ నీదే."

"ఆగు!" పల్లకీ తెర పక్కకు జరిగింది. "రాక్షసుడి దగ్గర చెప్పులు తీసుకుంటే సాయం. పరుగు రద్దు!"

"అయ్యా, సాయమంటే ఏమిటి?" అన్నాను. "ఎదుటివాడి మేలు కోరి ఇచ్చేది. బేరంలో ఎవరైనా ఎదుటివాడి మేలు కోరతారా? నేను అతన్ని ముంచుదామనుకుంటాను, అతను నన్ను ముంచుదామనుకుంటాడు. ఇద్దరం కలిసి ఒకచోట ఆగుతాం. కొన్నది సాయం ఎలా అవుతుంది?"

పుండరీకుడు గడ్డం నిమురుకున్నాడు. ఆ నియమంలో కొనుగోలు మాట లేదు. అంతకు ముందు పరుగెత్తిన వాళ్లంతా రాజకుమారులు, సేనాపతులు. ఏదైనా కొనాలని వాళ్లకు తట్టలేదు. "సరే. గట్టిగా బేరమాడాలి మరి. మొహమాటం కనిపిస్తే సాయం కింద రాస్తాను."

గట్టిగానే ఆడాను. జత అడిగితే, "రెండూ ఇచ్చి నేను రాళ్ల మీద కాళ్లు కాల్చుకోనా?" అన్నాడు గండశిలుడు. సంచి మూతి బిగించి రెండడుగులు నడిచాను. వెనక్కి పిలిచాడు. చివరికి ఒక చెప్పుకు బేరం తెగింది. అతను ఇంగువంతా గుండిగలో గుమ్మరించి, మొదటి గరిటె నోట్లో పెట్టుకుని, కొండంతా దద్దరిల్లేలా "అమ్మా" అని ఏడ్చాడు.

ఆ చెప్పు పడవంత ఉంది. అంచుకు దొర్లించి, అందులో కూర్చుని, కొండవాలు మీదికి తోసుకున్నాను. ఆహా! గడ్డి తలలు వంచింది, కుందేళ్లు దారి ఇచ్చాయి, గాలి నా తలపాగా కొసను జెండాలా ఎగరేసింది. మూడో మూపు మంచుతెరను చీల్చుకుంటూ దాటి, నాలుగోదాని నడుం మీదుగా జారిపోతుంటే, వెనక నుంచి పుండరీకుడి కేక వినిపించింది.

"శెట్టీ! ఇది పరుగు కాదు! జారుడు!"

"కాలికి చెప్పు వేసుకున్నాను అయ్యా! చెప్పు వేసుకుని పరుగెత్తకూడదని ఉందా?"

"రెండు కాళ్లూ ఒకే చెప్పులో ఉన్నాయి!"

"రెండోది ఇవ్వనన్నాడండీ! మీరే విన్నారుగా!"

ఆయన విన్నాడు కాబట్టి తెర మూసేసుకున్నాడు. ఆ లాభం ఎక్కువసేపు నిలవలేదు. వాలు చివర నల్లరాయి ఒకటి పొంచి ఉంది. చెప్పు రెండు ముక్కలై, నేను లోయలోకి ఎగిరి, ముళ్లకంపలో పడి, ఎడమకాలి మడమ మెలికపడింది. "అబ్బా!" అన్నాను. ఎదురుకొండ కూడా "అబ్బా!" అంది. పల్లకీ వచ్చేదాకా కళ్లు మూసుకుని భయపడుతూ పడుకున్నాను. ఎదురుకొండ జాలిపడిందని రాస్తాడేమోనని. పుండరీకుడు చాలాసేపు ఆలోచించి, ప్రతిధ్వనికి మనసు ఉండదని తేల్చాడు.

అక్కడే ఆయన భోజనానికి ఆగాడు. వంటవాడు పులిహోర విప్పాడు. నేను లేవలేక అలా చూస్తున్నాను. "అటు తిరుగు శెట్టీ" అన్నాడు పుండరీకుడు ముద్ద కలుపుతూ. "వాసన పీల్చి బలం తెచ్చుకుంటే అది నా సాయమవుతుంది. మూత పెట్టవోయ్!"

ఆ రాత్రంతా దారిలో దొరికిన కర్ర ఊతంగా కుంటుతూనే అయిదో మూపు దాటాను. తెల్లవారాక ఆరో మూపు మీద కాలు ముందుకు పడనని మొరాయించింది. రాయి మీద కూర్చున్నాను. అప్పుడొచ్చింది ఎలుగుబంటి. పెద్దది, నల్లది, తేనె దొరక్క కోపంగా ఉన్నది. దాన్ని చూడగానే నా మడమ దానంతటదే నయమైపోయింది. ఆరో మూపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నాకు తెలియదు. శిఖరం మీద ఎలుగుబంటికి తేనెపట్టు కనబడి నన్ను వదిలేసింది.

ఎంతోసేపటికి పల్లకీ వచ్చింది. బోయీలు చెమటతో నిలువునా తడిసిపోయి ఉన్నారు.

"ఎలుగుబంటి లేకపోతే నువ్వింత వేగంగా వచ్చేవాడివా?" అని పుండరీకుడు నిలదీశాడు.

"లేదండీ."

"అయితే అది సాయం."

"అది నన్ను తినడానికి వచ్చిందండీ."

"ఔను బాబూ, దాని సూపు నేను సూసినాను" అన్నాడు పైడయ్య భుజం తుడుచుకుంటూ. "మేలు కోరే సూపు కాదది."

పుండరీకుడు కళ్లు మూసుకుని తీర్పు చెప్పాడు. "కీడు తలపెట్టి చేసినదాని వల్ల మేలు జరిగినా అది సాయం కాదు. పద."

ఏడో మూపు ఎక్కేసరికి పొద్దు పడమటికి వాలింది. అక్కడి నుంచి చూస్తే కింద శిఖరావతి వెండి పళ్లెంలో పోసిన రత్నాల రాశిలా మెరుస్తోంది. బంగారు కలశాలు, రంగుల తోరణాలు, వీధుల నిండా రంగులు చల్లుకుంటున్న జనం. కోట గుమ్మం మీద, ఉట్టిలో, తెల్లగా ఒక చుక్క. గుమ్మడికాయ! ఇంకా వేలాడుతోంది. ఇంకా పగల్లేదు. నా కళ్లు చెమర్చాయి. కానీ నాలుక నోట్లో చెక్కముక్కలా ఎండిపోయి ఉంది. రాత్రి అయిదో మూపు జలపాతం దగ్గర తాగాక మళ్లీ నీటిచుక్క దొరకలేదు. కళ్లముందు నల్లటి పురుగులు ఎగురుతున్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే కూలిపోతానని తెలుస్తోంది.

సరిగ్గా అక్కడ, దారి పక్కన, ఒక ముసలమ్మ మజ్జిగ కుండ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కుండ చుట్టూ తడిగుడ్డ. మూత తీస్తే కరివేపాకు వాసన.

"దాహమేస్తోందా నాయనా? దా, ఊరికే తాగి పో" అంది.

"ఊరికే వద్దవ్వా. అమ్ము" అన్నాను. నా దగ్గర మిగిలింది తలపాగా ఒక్కటే. మంచి నేత, మడత విప్పితే ఇద్దరు కప్పుకోవచ్చు. ఒక ముంత మజ్జిగకు అది చాలా ఎక్కువ. అయినా మొదట సగం గుడ్డ అన్నాను, ఆమె మొత్తం కావాలంది, నేను రెండు ముంతలన్నాను, ఆమె ఒకటే అంది. మొత్తం గుడ్డకు ఒక నిండు ముంత దగ్గర తెగింది. పల్లకీలోంచి పుండరీకుడు చూస్తూ తల ఊపాడు. బేరం గట్టిగానే ఉంది.

ముంత ఎత్తి గటగటా తాగాను. ఆ మజ్జిగ గొంతులోంచి దిగుతుంటే ఎండిన కాలువలోకి నీళ్లు వదిలినట్టుంది. ముంత ఖాళీ అయింది. అప్పుడు ఈ నోరు, పుట్టిన దగ్గర నుంచీ బజారులో పెరిగిన ఈ నోరు, నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"కొసరు పొయ్యవ్వా."

"ఇంత తాగి ఇంకా కొసరా? ఏం మనుషులో..." అని గొణుక్కుంటూ ముసలమ్మ గరిటెతో ముంత అడుగున రవ్వంత పోసింది. తాగేశాను.

ముంత దించేసరికి పల్లకీ తెర పూర్తిగా తొలిగి ఉంది. సన్నాయివాడు సన్నాయి నోట్లోంచి తీసేశాడు.

"ముంతకు గుడ్డ ఇచ్చావు" అన్నాడు పుండరీకుడు మెల్లగా. "కొసరుకు ఏమిచ్చావు శెట్టీ?"

ఏమీ ఇవ్వలేదు. కొసరుకు ఎవరైనా ఏమైనా ఇస్తారా?

"ఏమీ ఇవ్వకుండా తీసుకున్నది ఉచితం. ఉచితంగా ఇచ్చింది సాయం. ఒంటిపరుగు..."

"రద్దు!" అని ముసలమ్మ ఎగిరి గంతేసింది. నవ్వుతూ నవ్వుతూ గర్రున తేన్చింది. ఆ తేన్పుకు నెరసిన జుట్టు ఊడి జటలయ్యాయి, ముడతల చెంపలు మాయమై కోరమీసాలు మొలిచాయి. అజీర్ణభైరవుడు! "మూడు లోకాలు తిరిగినా కొసరు అడక్కుండా బేరం ముగించే శెట్టి దొరకడని నాకు తెలుసురా! ఎండలో ఈ కుండ ముందు పొద్దున్నుంచీ కూర్చున్నాను. పో, పోయి నీ పెళ్లాం ముక్కలు ఏరుకో!"

కింద కోటలో డప్పులు మొదలయ్యాయి. అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. పల్లకీ దభీమని నేలకు దిగింది. లోపల పుండరీకుడి తల కర్రకు తగిలింది.

"తప్పుగా అనుకోకండి బాబూ" అన్నాడు పైడయ్య, నడుం మీద చేతులు పెట్టుకుని. "కొసరు సాయమేటి? మా ఇంటిది కొసరెయ్యకపోతే ఉప్పురాయి కూడా ముట్టుకోదు. మరి మా ఆడోల్లంతా అడుక్కునేవోల్లా? సెప్పండి."

"మా యమ్మ కరేపాకు కొసరు కోసరం ఊరు సివరి దాకా నడిసి ఎల్లుద్ది" అన్నాడు ఇంకో బోయీ. "అదీ దరమమేనా?"

"కొసరు ఎయ్యడం అమ్మేవోడి సేతిలో ఉండదు బాబూ" అన్నాడు గొడుగువాడు. "ఏసి తీరాల."

పుండరీకుడు తల తడుముకుంటూ బయటికొచ్చాడు. ఆయన జన్మలో బజారుకు వెళ్లినవాడు కాదు. ఇల్లంతా కోట నుంచే జరుగుతుంది. ఈ సంగతి ఆయనకు కొత్త. అది కనిపెట్టి నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయ్యా, మీరు సాక్షి. మీరే చెప్పండి. పోసేటప్పుడు ముసలమ్మ ఏం చేసింది?"

"గొణిగింది."

"ఎంత పోసింది?"

"రవ్వంత."

"మేలు కోరి ఇచ్చేవాళ్లు గొణుగుతారా? రవ్వంత ఇస్తారా? ముందు ఊరికే తాగమంది చూడండి, అది సాయం. దాన్ని నేను కాదన్నాను. కొసరు బేరంలో తోక. ఆవును కొన్నవాడికి తోక వేరే అమ్ముతారా?"

పుండరీకుడు ఆకాశం వంక చూశాడు, బోయీల వంక చూశాడు, కిందనున్న పల్లకీ వంక చూశాడు. ఏడో మూపు మీంచి ఇంటికి నడిచి వెళ్లడం ఎంత దూరమో కూడా చూసినట్టున్నాడు. "గొణుగుడు నేను స్వయంగా విన్నాను" అన్నాడు. "గొణిగి ఇచ్చింది సాయం కాదు. పరుగు సాగుతుంది!"

బోయీలు కేరింత కొట్టబోయి, అదీ సాయమవుతుందేమోనని నోళ్లు మూసుకున్నారు.

అజీర్ణభైరవుడి మొహం పండుమిరపకాయ రంగుకు మారింది. కడుపులో ఏదో ఉరిమింది. "పరుగెత్తుతావా? ఏ కాళ్లతో పరుగెత్తుతావో చూస్తా!" అని మంత్రదండం తిప్పాడు.

నాకు మొదట చేతులు పోయాయి. తరవాత కాళ్లు పోయాయి. మెడ కడుపులోకి దిగింది, కడుపు అన్ని వైపులకూ విస్తరించింది, చర్మం మీద తెల్లటి బూడిద పట్టింది. మడమనొప్పి కూడా పోయింది. అన్ని నష్టాల మధ్య అదొక్కటే లాభం.

"ఇప్పుడు పరుగెత్తరా!" అని మాంత్రికుడు కసికొద్దీ నన్ను ఒక్క తన్ను తన్నాడు.

చేయకూడని పని చేశాడు. ఏడో మూపు పడమటి వాలు కోట గుమ్మం దాకా ఏకబిగిన దిగుతుంది.

దొర్లాను. ఆకాశం, గడ్డి, ఆకాశం, రాయి, ఆకాశం, మేక. వెనక ఎక్కడో పుండరీకుడి గొంతు: "కోపంతో తన్నినది సాయం కాదు! ఎలుగుబంటి తీర్పే దీనికీ! బోయీలూ, ఆ కాయ వెంట పరుగెత్తండి! దాన్ని కంటికి దూరం కానివ్వకండి!" మామిడితోటలోంచి దూకాను. చాకిరేవులో తడిసిన దుప్పటి కప్పుకుని దానితోనే కొంతదూరం వెళ్లి, రాజవీధిలో దాన్ని వదిలించుకున్నాను. రంగులు చల్లుకుంటున్న జనం విడిపోయి దారి ఇచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కోట గుమ్మం ముందున్న కంచుగంట స్తంభాన్ని నా నుదురు ఎక్కడ ఉండాలో అక్కడ ఢీకొట్టాను.

టంగ్!

డప్పులు ఆగాయి. గుమ్మం అరుగు మీద పూలదండల్లో మునిగి ఉన్న మహోదరవర్మ మహారాజు కళ్లు చిట్లించాడు. "ఎవడ్రా గంట మోగించింది?"

ద్వారపాలకుడు భీమడు నన్ను అటూ ఇటూ దొర్లించి చూశాడు. "కాయ, మహాప్రభూ."

"ఒంటిపరుగు కాయా?"

"ఒంటరిగానే వచ్చింది ప్రభూ."

"అయితే కోరిక అడగండి. ఆచారం ఆచారమే."

భీమడు వంగి నాకు చెవి ఆనించాడు. 'పైనున్నది నా భార్య! దించండి! పగలగొట్టొద్దు!' అని ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను. కాయ అరిస్తే మనుషులకు వినబడదని అప్పుడే తెలిసింది.

"దీనికి కోరికలేమీ లేవు ప్రభూ. మంచి కాయ." నన్ను రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. "పైన కట్టినదానికంటే చాలా పెద్దది. తమరికి తగిలే దిష్టికి అది చాలదేమోనని పొద్దున్నుంచీ అనుకుంటున్నా. ఇది సరిగ్గా సరిపోతుంది."

మహారాజు పొట్ట నిమురుకుని మురిసిపోయాడు. "నా దిష్టి పెద్దదే. కానివ్వు."

నా నెత్తిన కుంకుమ పూశారు. కర్పూరం బిళ్ల పెట్టి వెలిగించారు. సూర్యుడు కోటగోడ అంచును తాకాడు. అప్పుడు పైన ఉట్టిలోంచి ఒక గొంతు వినబడింది. కాయ మాట కాయకు వినబడుతుంది.

"ఏవండీ? మీరేనా?"

"నేనే వకుళా."

"అయ్యో, ఎంత చిక్కిపోయారు! ఎలా వచ్చారు?"

"పరుగెత్తి."

"మీరా?" ఉట్టి కొంచెంసేపు నవ్వుతో ఊగింది. తరవాత ఆగింది. "మీ నెత్తిన కర్పూరం ఎందుకు వెలుగుతోంది?"

"లెక్క సరిపోయింది వకుళా" అన్నాను. "వీళ్లకు కావలసింది ఒక కాయ. నేను వచ్చాను కాబట్టి నిన్ను వదిలేస్తారు. కాయకు కాయ. నా దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు."

"వదిలేసి? రేపు నన్ను తరిగి వడియాలు పెడతారు. ఇదేనా మీ బేరం?"

ఆ సంగతి నాకు తట్టలేదు. కొండవాలు మీద దూరంగా పల్లకీ కనిపించింది. బోయీలు పడుతూ లేస్తూ వస్తున్నారు. పుండరీకుడు కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ చేతులు ఊపుతున్నాడు. "ఆపండి! ఆ కాయ కొమ్మిశెట్టి! నేను సాక్షిని!" అని అరుస్తున్నట్టే ఉంది. భీమడు డప్పులవాళ్లకు సైగ చేశాడు. డప్పులు హోరెత్తి ఆ అరుపును మింగేశాయి.

భీమడు నన్ను రాజు చుట్టూ తిప్పి, రెండు చేతులా తల మీదికెత్తాడు. ఆ ఎత్తులో వకుళా నేనూ ఎదురెదురుగా వచ్చాం. మొన్న పొద్దున కొట్లో చూసిన తరవాత మళ్లీ ఇప్పుడే ఇంత దగ్గరగా చూడటం. బూడిద పట్టినా ఆమె ఆమెలాగే ఉంది.

"వకుళా, ఇక..."

"ఈ బేరం నేను ఒప్పుకోను" అంది.

ఉట్టి ఊగడం మొదలుపెట్టింది. ముందుకు, వెనక్కు, ఇంకా ముందుకు. పాత జనపతాడు కిర్రుమంది. ఒక పురి తెగింది. ఇంకో పురి తెగింది. భీమడు నన్ను నేలకేసి కొట్టడానికి ఊపిరి బిగించాడు.

తాడు తెగింది. వకుళ తిన్నగా కిందికి పడలేదు. ఊపు చూసుకుని, గురి చూసుకుని, ద్వారపాలకుడి నెత్తి మీదికి వచ్చింది. భీమడు చతికిలబడ్డాడు, మేమిద్దరం పగలకుండా అతని ఒళ్లో పడ్డాం, పల్లకీ గుమ్మం ముందుకు వచ్చేసరికి డప్పులు ఆగి ఉన్నాయి.